ఖాళీ ఫిల్ము

ఫిల్ము ఖాళీగా వచ్చిందని చెప్పాను. ఖాళీగా వచ్చిందంటే అర్థం ఏమిటో చెప్పలేదు. మొదటి మాట అబద్ధం కాదు కాబట్టి నేను అబద్ధమాడానని చాలాకాలం నాకే అనిపించలేదు. మండవల్లిలో నా పక్కగదిలో ఎక్స్‌రేలు తీసిన ఆవిడ గురించి ఇప్పుడు రాయడం ఆ చెప్పని మాట కోసమే. ఆవిడ పేరు రాయను. రాస్తే అప్పట్లో ఆ పేరుకు అంటుకున్న మాటలన్నీ మళ్ళీ లేచి వస్తాయేమోనని అనుమానం. అక్కడ అందరూ ఎక్స్‌రే మేడమ్ అనేవారు. నేనూ అలాగే అనేవాణ్ణి.

ఈమధ్య దగ్గు ఎంతకీ తగ్గక, డాక్టరు చెబితే ఏలూరులో ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్ళాను. నా ముందు వరసలో కొల్లేటి వైపు నుంచి వచ్చిన ఒకామె ఉంది. సూత్రాలు తీయనంటే తీయనని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"తీస్తే ఆయనకి మంచిది కాదమ్మా."

లోపల ఎక్స్‌రే తీసే అమ్మాయి వాదన పెట్టుకోలేదు. బల్ల మీది స్టీలు గిన్నెలోంచి పసుపుకొమ్ము కట్టిన పసుపుతాడు ఒకటి తీసి ఇచ్చింది. "ముందు ఇది కట్టుకోండి అక్కా. తర్వాత అవి తీసి బావగారి చేతికే ఇవ్వండి. మెడ ఖాళీగా ఉండదు" అంది. ఆమె భర్త కూడా అది బాగానే ఉందన్నట్టు తలాడించాడు.

నా వంతు వచ్చాక అడిగాను. "ఈ పద్ధతి ఎవరు నేర్పారమ్మా నీకు?"

"మా మేడమండి. తాడేపల్లిగూడెంలో ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. పసుపుకొమ్ముకి నీడ పడదు, పిన్నీసుకి పడుద్ది అనేవారండి."

ఆ గిన్నె నాకు తెలుసు. ఆ అమ్మాయి ఊపిరి బిగపట్టమన్నప్పుడు నేను అప్పటికే బిగపట్టి ఉన్నాను.

*

మండవల్లి సెంటరు దాటాక కాలవ పక్కన ఒకే కప్పు కింద రెండు గదులుండేవి. ఒకదానిలో నా చేపపిల్లల దుకాణం. చేపపిల్లల్ని మేం సీడు అంటాం. కొల్లేటి చెరువుల రైతులకు శీలావతి, బొచ్చె పిల్లల్ని నీళ్ళతో, ఆక్సిజన్‌తో ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఇచ్చేవాణ్ణి. రెండో గదిని ఆవిడ అద్దెకు తీసుకుంది. తాడేపల్లిగూడెం మనిషి. ఆసుపత్రుల్లో చాలాకాలం పనిచేసి, సొంతంగా ఒక యంత్రం కొనుక్కుని, చెయ్యి విరిగినా దగ్గు పట్టినా కైకలూరో ఏలూరో పరుగెత్తాల్సిన ఊరు ఇదని విని వచ్చింది.

వస్తూనే చేసిన మొదటి పని, మా రెండు గదుల మధ్య ఉన్న గోడకు తన వైపు ఇంకో వరస ఇటుక కట్టించడం. నేను అడిగాను, ఉన్న గోడ బాగానే ఉందిగా అని.

"బాగానే ఉండొచ్చండి. నాకు అనుమానం" అంది.

ఆవిడ నోట నేను ఎక్కువసార్లు విన్న మాట అదే. పొడుగైన మనిషి. ఒంటి మీద ఎప్పుడూ ఫిల్ములు కడిగే మందుల పులుపు వాసన. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళలోకి చూసేది కాదు. మెడలోకి, మొల దగ్గరికి, జేబుల్లోకి చూసేది. పోలీసులైనా అంత శ్రద్ధగా చూడరు. లోహం ఉంటే దాని నీడ ఫిల్ము మీద తెల్లగా పడుతుంది, డాక్టరు దాన్ని జబ్బనుకుంటాడు. ఆవిడ భయం అది. మన ఆడవాళ్ళు సూత్రాలకు పిన్నీసులు గుచ్చుకుంటారు కదా, అవసరానికి ఉంటాయని. ఆ పిన్నీసులంటే ఆవిడకు మహా అనుమానం. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అయినా పసుపుకొమ్ములు కొని, తాళ్ళకు కట్టి, గిన్నెలో పెట్టుకునేది. ఎవరో వేళాకోళం చేస్తే, "దేవుళ్ళ సంగతి దేవుళ్ళు చూసుకుంటారండి. నాకు ఫిల్ము శుభ్రంగా రావాలి" అంది.

ఒకరోజు ఒక ముసలాయన ఛాతీ ఎక్స్‌రేకి వచ్చాడు. తలుపు తీసే ఉంది. నేను నా గుమ్మంలో నిలబడి వింటున్నాను.

"ఒంటి మీద లోహం ఏమైనా ఉందాండీ తాతగారూ?"

"ఏం లేదమ్మా."

"తాయెత్తు?"

"లేదు తల్లీ."

"మొలతాడుకి ఏమైనా కట్టుకున్నారా?"

"మొలతాడే నిలబడట్లేదమ్మా నా మొలకి. ఇంకా దానికోటి కట్టేదేంటి."

బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కాసేపటికి తడి ఫిల్ము పట్టుకుని బయటికొచ్చి వెలుతురుకి ఎత్తి చూపించింది. పక్కటెముకల మధ్య తెల్లగా చిన్న గొట్టం.

"ఊపిరితిత్తుల్లో బీడీముక్క దాచుకున్నారాండీ?"

ముసలాయన మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. తువ్వాలు కింద, వీపు మీదికి వేలాడేసిన తాయెత్తు. "మా ఇంటిది కట్టిందమ్మా. అది పోయింది. తీయనని మాటిచ్చాను."

ఆవిడ కోప్పడుతుందనుకున్నాను. "అయితే తీయకండి. భుజం మీదికి జరుపుకోండి. మాటా నిలబడుద్ది, ఫిల్మూ నిలబడుద్ది" అని మళ్ళీ లోపలికి తీసుకెళ్ళింది. రెండో ఫిల్ముకు డబ్బు అడగలేదు.

తర్వాత నాతో అంది. "ఆయన అబద్ధం చెప్పలేదు బాబు గారూ. ఆయన దృష్టిలో అది లోహం కాదు. అందుకే నోటిమాట మీద ఆగిపోకూడదు. నోటిమాటకి నీడ పడదు."

ఇంకోసారి ఆవిడ గదిలో ఆరేసిన ఫిల్ముల మధ్య ఎముకల్లేని ఫిల్ము ఒకటి కనిపించింది. ఎవరిదని అడిగాను. కిరణాలు తగలకుండా తను వేసుకునే సీసపు ఏప్రన్‌దట. సీసంలో కంటికి కనబడని పగుళ్ళు వస్తాయి, ఆ పగుళ్ళలోంచి కిరణాలు దూరతాయి, కాబట్టి అప్పుడప్పుడు ఏప్రన్‌కే ఎక్స్‌రే తీసి చూసుకుంటుందట. ఆ ఏప్రన్‌ని ఎప్పుడూ మడిచేది కాదు. పట్టుచీరకు కూడా అంత మర్యాద చేయరు. నన్ను కాపాడేదాన్ని నేను అనుమానించకపోతే ఎలాగండి, అనేది.

*

ఆవిడ అందరినీ అనుమానిస్తే ఊరు ఆవిడను అనుమానించింది. ఆవిడ పడే జాగ్రత్తలే ఊరికి సాక్ష్యాలయ్యాయి.

మా గదులకు ఎదురుగా రోడ్డవతల టీకొట్టు. పొద్దున్నే వెంకన్న బాబాయి అక్కడ కూర్చునేవాడు. మా నాన్నకు వరసకు తమ్ముడు. కొల్లేటి ఒడ్డున చెరువులున్న మనిషి, నా దగ్గర అందరికంటే ఎక్కువ సీడు కొనేవాడు. ఆయన మాటంటే ఆ కొట్టు దగ్గర తీర్పు లాంటిది.

"ప్రమాదం లేదంటది కదా. మరి మీట నొక్కేటప్పుడు తను ఆ చెక్క తెర చాటుకి పోతదేంట్రా?" అన్నాడొకరోజు.

"గోడ కూడా రెండోది కట్టించిందండి. ఊరికే కట్టిస్తారేంటి" అన్నాడు టీకొట్టాయన.

"ఆ గుండెల మీద బిళ్ళ చూశావా? అది తనకి రక్ష. మనకెవరికైనా ఇచ్చిందా?"

ఆ బిళ్ళ రక్ష కాదు. తన ఒంటికి ఎంత తగిలిందో లెక్క తెలియడానికి పెట్టుకునేది. కొన్నాళ్ళకోసారి పరీక్షకు పంపేది. ఆ సంగతి నాకు చెప్పింది. నేను ఆ రోజు కూడా టీ తాగుతూ ఊరుకున్నాను.

ఆవిడ టీ కోసం రోడ్డు దాటి వచ్చి, చివరి మాటలు విని నిలబడింది. "వెంకన్న గారూ, మీరు వానలో ఒకసారి తడిస్తే తుడుచుకుని ఇంటికి పోతారు. నేను రోజూ వానలో నిలబడే పని చేస్తున్నాను. గొడుగు ఎవరికి కావాలండీ?"

"వానైతే కనబడుద్దండి మేడమ్ గారూ" అన్నాడు బాబాయి.

ఆవిడ టీ గ్లాసు అందుకుంది. "నిజమేనండి. ఇది కనబడదు, వినబడదు, వాసన రాదు. కనిపెట్టినాయనకే ఇదేమిటో తెలియక, లెక్కల్లో తెలియనిదాన్ని అన్నట్టు ఎక్స్ అన్నాడు. మీరు అనుమానపడటంలో తప్పులేదు. కాకపోతే అనుమానపడ్డాక పరీక్ష చేసి చూడాలి. సగంలో ఆగిపోతే అది అనుమానం కాదండి, నింద."

బాబాయి టీ ఊదుకున్నాడు. మాట నచ్చలేదు. ఆవిడ సరిగానే చెప్పింది, అందుకే నచ్చలేదు.

*

ఆ వేసవిలో నా బోరు మోటారు కాలిపోయింది. బాబాయికి తెల్లవారకముందే బొచ్చె పిల్ల కావాలి. వ్యాను చెప్పేశాడు. చెరువుకు నీరు పెట్టేశాడు. నేను పంచాయతీ కుళాయి నీళ్ళు పట్టి టబ్బులు నింపాను. కుళాయి నీళ్ళలో బ్లీచింగ్ ఉంటుంది. సీడుకు అది విషం. ఎండలో ఒక రోజైనా నిలవబెట్టి, గాలి కొట్టించి, వాసన పోయాక వాడాలి. ఈ వ్యాపారంలో ఉన్న ఎవరికైనా తెలిసిన విషయమే. నాకూ తెలుసు. కొద్దిగానే ఉంటుందిలే అనుకున్నాను. అవే నీళ్ళతో సంచులు కట్టాను.

పొద్దెక్కేసరికి బాబాయి వెనక్కి వచ్చాడు. సంచులు టీకొట్టు ముందు దింపించాడు. పిల్లంతా తెల్లగా పైకి తేలి ఉంది. జనం మూగారు. బాబాయి నన్ను తిట్టడానికి నోరు తెరిచాడు. అంతలో ఎవరో అడిగారు, టబ్బులు ఏ గోడకి ఆనించి పెట్టావని.

నేను గోడ వైపు చూశాను. అంతే చేశాను. వేలు చూపించలేదు, మాట అనలేదు.

బాబాయి కూడా అటే చూశాడు. నోట్లో ఉన్న తిట్టు మింగేశాడు. "నీ తప్పు కాదులేరా అబ్బాయ్. నువ్వేం చేస్తావు పాపం" అన్నాడు. నా భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి అక్కడుండగా నిజం చెప్పడం నావల్ల కాలేదు. చెబితే సీడు తిరిగివ్వాలి, ఆ సీజను పోతుంది, కుళాయి నీళ్ళ సీడు అమ్మినవాడి దగ్గర మళ్ళీ ఎవరూ కొనరు. ఇవన్నీ ఆ చెయ్యి కిందే ఆలోచించాను.

మధ్యాహ్నం ఆవిడ నా దుకాణంలోకి వచ్చింది. టబ్బులో వేళ్ళు ముంచి వాసన చూసింది.

"బ్లీచింగ్ వాసన వస్తోంది బాబు గారూ."

"పొద్దున్న టబ్బులు కడిగామండి" అన్నాను.

ఎప్పుడూ మెడలోకీ జేబుల్లోకీ చూసే మనిషి ఆ ఒక్కసారి నా నోటి వంక చూసింది. గోడ వైపు తిరిగింది.

"మీట వదిలేశాక టార్చిలైటు వెలుగు గదిలో మిగులుతుందాండీ? ఇదీ అంతే. మీట నొక్కినంతసేపే. ఆ నొక్కినంతసేపూ నా గోడ దాటుతోందో లేదో పరీక్ష చేద్దాం. మీ తాళంచెవి ఒకటి ఇవ్వండి. నాది పెడితే నేనేదో చేశానంటారు."

నల్ల కాగితంలో చుట్టిన కొత్త ఫిల్ము ఒకటి తెచ్చి, నా వైపు గోడకు, సరిగ్గా టబ్బుల ఎత్తున అంటించింది. గోడకూ ఫిల్ముకూ మధ్య నా తాళంచెవి పెట్టింది. కొన్నాళ్ళపాటు అలాగే ఉంచి తన పని తను చేసుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం దాన్ని ఊడదీసి, నన్ను కూడా చీకటిగదిలోకి రమ్మంది. "నేను ఒక్కదాన్నే కడిగితే మార్చేశానంటారు. మీరు చూస్తుండగా కడుగుతాను."

ఎర్రబల్బు వెలుతురులో ఆవిడ ముఖం కనబడలేదు. చేతులే కనబడ్డాయి. ఫిల్ముని మందులో వేసి మెల్లగా ఊపుతూ చెప్పింది. "కిరణాలు తగిలినచోట నల్లబడుతుంది. తాళంచెవి అడ్డున్నచోట తెల్లగా మిగులుతుంది. అసలేమీ తగలకపోతే ఏమీ రాదు. చూస్తూ ఉండండి."

చూస్తూ ఉన్నాను. ఏమీ రాలేదు. రెండో మందులో కడిగి లైటు వేసేసరికి అది లేత నీలిరంగు గాజుపలకలా ఉంది. దాని వెనక ఆవిడ వేళ్ళు కనబడుతున్నాయి. అక్కడితో ఆగలేదు. ఇంకో ఫిల్ము మీద అదే తాళంచెవి పెట్టి యంత్రం కింద మీట నొక్కి, అదీ కడిగింది. అది కాటుకలా నల్లగా వచ్చింది. మధ్యలో తాళంచెవి పళ్ళతో సహా తెల్లగా పడింది.

"ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అర్థమైందా?"

"అయిందండి."

"అయితే బయట చెప్పండి. నేను చెబితే నమ్మరు. సీడు పోయింది మీది. మీ మాట నమ్ముతారు."

రెండు ఫిల్ములూ నా చేతిలో పెట్టింది. ఎవరి నోటిమాటా నమ్మని మనిషి, నా నోటిమాట ఒక్కటి నమ్మింది.

మొదట్లో నేను ఒక మాట చెప్పలేదని రాశాను. అదీ పూర్తి నిజం కాదు. రోడ్డు దాటేముందు నల్ల ఫిల్ముని నా బల్ల సొరుగులో పెట్టేశాను. ఖాళీ ఫిల్ము ఒక్కటే తీసుకెళ్ళాను.

"ఏం తేలిందిరా?" అన్నాడు బాబాయి.

"ఖాళీగా వచ్చింది బాబాయ్."

ఆయన దాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేంటి, దీని మీద ఏమీ లేదు?"

"మా ఆవిడ కాలు ఫిల్ము నల్లగా ఉంటదండి. ఇదేంటో తెల్లబోయింది" అన్నాడు టీకొట్టాయన.

"తినేసిందిరా" అన్నాడు బాబాయి మెల్లగా. "ఫిల్ము మీదున్న నలుపంతా తినేసింది."

"ఫిల్మునే ఇట్టా చేస్తే, పిల్ల బతుకుద్దేంటండీ ఇక."

ఫిల్ము చేతులు మారింది. ప్రతివాడూ దానిలోంచి ఎండను చూసి తలాడించాడు. నా వైపు చూశారు. నేను టీ తాగాను. రోడ్డవతల ఆవిడ తన గుమ్మంలో నిలబడి ఇటే చూస్తోంది. ఫిల్ము చేతులు మారుతుంటే నేను వివరించి చెబుతున్నాననుకుంది. నా వైపు చూసి చిన్నగా తల ఊపింది.

సాయంత్రం అడిగింది. "చెప్పారా?"

"చూపించానండి" అన్నాను.

తర్వాత జరగాల్సింది జరిగింది. టీకొట్టాయన పొయ్యిని అవతలి మూలకు జరుపుకున్నాడు. కడుపుతో ఉన్నవాళ్ళు మా వరస మీదుగా నడవడం మానేశారు. గది యజమాని వచ్చి, చాలా మర్యాదగా, "మీరు వేరేచోట చూసుకోండమ్మా" అన్నాడు. ఆవిడ ఎవరితోనూ గొడవ పడలేదు. వ్యానులో యంత్రం ఎక్కించాక నా దుకాణానికి వచ్చి తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"మీది. దీనికేమీ అంటుకోలేదు. భయం లేకుండా వాడుకోండి."

ఏప్రన్‌ని మడవకుండా, హ్యాంగరుతో సహా చేత్తో ఎత్తి పట్టుకుని, వ్యాను ముందు సీట్లో కూర్చుంది. నేను ఆ తాళం మార్చేశాను. భయం వల్ల కాదు.

అప్పటికి నా బోరు బాగైంది. సీడు బతికింది. "చూశావా, ఆవిడ పోయింది, పిల్ల నిలబడింది" అన్నాడు బాబాయి. ఊళ్ళో అందరికీ అది రుజువైపోయింది. కొన్నేళ్ళకు నేనూ దుకాణం ఎత్తేసి ఏలూరు వచ్చేశాను.

*

ఏలూరులో ఎక్స్‌రే తీసిన అమ్మాయి ఇచ్చిన గుర్తులు పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళాను. మేడ మీద వాటా. తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి చూసింది. జుట్టు తెల్లబడింది. ఒక కంటికి ఈమధ్యే ఆపరేషనైనట్టుంది.

"ఎవరండీ? ఎవరు పంపించారు?"

"మండవల్లి, సీడు దుకాణం అండి మేడమ్."

గొలుసు వెంటనే తీయలేదు. చూపు అలవాటుగా నా మెడ మీదికి, చొక్కా జేబు మీదికి వెళ్ళొచ్చింది. తర్వాత తలుపు తెరిచింది. కూర్చున్నాక నాకు దగ్గు వచ్చింది. నా చేతిలో ఎక్స్‌రే కవరు చూసి అడిగి తీసుకుంది. ముందు పేరు నాదేనా అని చూసింది. కుడివైపు ఏదో ఎడమవైపు ఏదో గుర్తు చూసింది. అప్పుడు కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురుకి పట్టుకుంది.

"సంగతి డాక్టరు చెప్పాలి, నేను చెప్పకూడదు. ఫిల్ము మాత్రం బాగా తీసింది పిల్ల" అని కవరులో పెట్టి ఇచ్చింది.

నేను చెప్పాను. మోటారు, కుళాయి, సొరుగులో పెట్టిన నల్ల ఫిల్ము, అన్నీ. మధ్యలో ఆపలేదు.

"బ్లీచింగ్ అని ఆ రోజే తెలుసండి నాకు" అంది.

"మరి అప్పుడే అందరిముందూ ఎందుకు అనలేదండి?"

"వాసనకి ఫిల్ము లేదు కదా బాబు గారూ. కళ్ళతో చూడనిదాన్ని ఒకరి మీద ఎలా పెట్టను? వాళ్ళు నాకు చేసినదే నేను మీకు చేసినట్టవదూ? మీరే చెబుతారనుకున్నాను. చెప్పలేదని గది ఖాళీ చేసే రోజుకి గాని నాకు తట్టలేదు. జీవితంలో నేను పరీక్ష చేయకుండా నమ్మింది అదొక్కటే."

క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ టీకొట్టు ఉందా ఇంకా?"

"ఉందండి."

"వెంకన్న గారు?"

"ఉన్నారండి. పొద్దున్నే అక్కడే కూర్చుంటారట."

"అయితే నాకు చెబుతారేమిటండీ? నాకు తెలిసిందేగా. విరిగింది ఒక చెయ్యి, మీరు ఎక్స్‌రే తీస్తున్నది ఇంకో చెయ్యి."

"వెళ్ళి చెబుతానండి. చెప్పి వచ్చి మీకు..."

"వచ్చి చెప్పానంటారు. నేను నమ్మాలి. ఒకసారి అయిందిగా ఆ ముచ్చట." నవ్విందనే అనుకుంటాను. "అక్కణ్ణుంచి ఫోను చేయండి. నేను వింటూ ఉంటాను. అప్పుడు చెప్పండి."

*

మండవల్లిలో నా గది ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. ఆవిడ గదిలో చేపల మేత బస్తాలు వేసుకున్నారు. టీకొట్టు మాత్రం అక్కడే ఉంది. జరిపిన పొయ్యి జరిపినచోటే ఉండిపోయింది. బాబాయి చేతికర్ర పక్కన పెట్టుకుని బెంచీ మీద ఉన్నాడు.

"ఏరా అబ్బాయ్, ఏలూరు నుంచి ఊడిపడ్డావ్? అంత చిక్కిపోయావేంట్రా?"

"ఒక మాట చెప్పాలి బాబాయ్. మీకూ, ఈయనకీ" అన్నాను టీకొట్టాయన వైపు చూపించి. ఫోను తీసి కలిపి, స్పీకరు పెట్టి, బెంచీ మీద గ్లాసుల మధ్య ఉంచాను.

"ఎవరది?" అన్నాడు బాబాయి.

"ఎక్స్‌రే మేడమ్."

"ఉందా ఇంకా ఆవిడ? ఆ కిరణాల్లో పడి ఎప్పుడో..."

"ఉన్నానండి వెంకన్న గారూ" అంది ఫోను. "ఆరోగ్యం బాగుందాండీ?"

బాబాయి భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. "బాగానే ఉందండి మేడమ్ గారూ. తమరు కులాసాయేనా?" అని, ఫోనుకు కొంచెం ఎడంగా జరిగి కూర్చున్నాడు. టీకొట్టాయన పొయ్యి తగ్గించి వచ్చి నిలబడ్డాడు. మాట మొదలుపెట్టబోయి నేను ఆగిపోయాను.

"ఊపిరి బిగపట్టకండి బాబు గారూ" అంది ఆవిడ. "దీనికి అక్కర్లేదు. మామూలుగా చెప్పండి."

బాబాయి నా ముఖంలోకి అనుమానంగా చూస్తున్నాడు. ఆయన వంక చూస్తూనే చెప్పాను.

"బాబాయ్, ఆ రోజు మీ సీడు చచ్చింది నా వల్ల. బోరు పాడైతే బ్లీచింగ్ కుళాయి నీళ్ళలో కట్టి ఇచ్చాను. నాకు తెలుసు. మీరు నా భుజం మీద చెయ్యేసినప్పుడు కూడా తెలుసు. ఆ ఫిల్ము ఖాళీగా ఉందంటే కిరణాలు దాన్ని తినేసినట్టు కాదు. అసలేమీ రాలేదని. మేడమ్ గారి గోడలోంచి ఏమీ రాలేదు. వస్తే ఎలా ఉంటుందో చూపించే ఫిల్ము కూడా ఆవిడ నా చేతికిచ్చారు, నేను దాన్ని సొరుగులో దాచేసి వచ్చాను. ఇక్కడే నిలబడి, మీరంతా ఆవిడని అంటుంటే, టీ తాగాను. మేడమ్, వింటున్నారు కదండీ. మీరు చెప్పమన్న మాట నేను చెప్పలేదు. మీ గది పోయింది నా వల్ల. మీ మీద పడిన నింద నాది. నన్ను క్షమించండి."